విప్పని ఇంజన్

ఆ గురువారం పొద్దున వీరేశం చేతిలో రెండు చిన్న రాజ్‌దూత్‌లు, మూడోదానికి ఒక ఖాళీ చోటు ఉన్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నడుము ఎత్తు దాటని బండ్లు, లావు టైర్లు, పొట్టి సీటు. ఒకప్పుడు కాలేజీ కుర్రాళ్ళు వాటి వెంట పడ్డారు. తర్వాత వాటిని తూకానికి అమ్ముకున్నారు. ఇప్పుడు అవే బండ్లను కొందరు ఇంటి హాల్లో నిలబెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. బాలానగర్‌లో పాత బండ్లు కొని అమ్మే అతని రేకుల షెడ్డు నిలబడి ఉన్నది అలాంటి వాళ్ళ మీదే.

ఆ రెండు బండ్లు కాక, ఉమాశ్రీ ఇచ్చిన మాట ఒకటి ఉంది. ఆమె మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆఫీసు అలంకరణ, క్యాంటీన్ వ్యవహారం చూసే మేనేజరు. క్యాంటీన్‌లో ఒక మూలను పాతకాలపు మెకానిక్ షాపులా తయారు చేయిస్తోంది. గోడకు పానాలు, పైన చేతిరాత బోర్డు, ముందు వరుసగా మూడు చిన్న బండ్లు.

"మూడూ కావాలండి. రెండే పెడితే ఎవరో పార్కింగ్ చేసి మర్చిపోయినట్టుంటుంది. సోమవారం మా పెద్దవాళ్ళు వస్తున్నారు. మీవల్ల కాకపోతే చెప్పేయండి, బెంగళూరులో ఒకాయన మూడూ ఒకేసారి పంపిస్తానంటున్నాడు" అంది ఫోన్లో.

బెంగళూరులో అలాంటి మనిషి ఉన్నాడని వీరేశం నమ్మలేదు. బేరంలో ఇలాంటి మనుషుల్ని తనూ చాలామందిని పుట్టించాడు. కానీ ఈ గిరాకి జారిపోతే నెలాఖరుకు షెడ్డు ఖాళీ చేయాల్సిందే. "నానా, ఆ మ్యూజియం బంద్ చెయ్యి ఇగ" అని కొడుకు నితీష్ ఎప్పటినుంచో అంటున్నాడు. షెడ్డు యజమాని కూడా అదే మాటను కాస్త మర్యాదగా అంటున్నాడు.

ఎర్ర బండి సైలెన్సర్‌ను కిరోసిన్ గుడ్డతో రుద్దుతుంటే మళ్ళీ ఫోను మోగింది. ఆడమనిషి గొంతు.

"పాత బండ్లు కొంటవని బోర్డు రాయించినవంట. మాదాపూర్ల రాజయ్య షాపు యాదికున్నదా? నేను బాలమ్మను."

వీరేశం గుడ్డ పక్కన పెట్టాడు. రాజయ్య మెకానిక్ షాపు గుర్తుంది. షాపు ముందు అరుగు మీద ఎప్పుడూ నిలబడి ఉండే ఆకుపచ్చ చిన్న రాజ్‌దూత్ అంతకంటే బాగా గుర్తుంది.

"వదినె! అన్న మంచిగున్నడా?"

"అన్న కరోనాల పోయిండు."

"అయ్యో" అన్నాడు. ఆ వెంటనే, "ఆ పచ్చ బండి ఉన్నదా?" అని అడిగేశాడు. అడిగాక నాలుక కరుచుకున్నాడు. కొనేవాడు తొందర చూపిస్తే బేరం సగం పోయినట్టే.

"ఉన్నది. దానికోసమే చేసిన. నల్లగండ్ల రా. జర జల్ది రా, అసోసియేషనోళ్ళు సెల్లార్ ఖాళీ చెయ్యమని పరేషాన్ చేస్తున్నరు."

స్కూటర్ మీద పోతున్నంతసేపూ అతను ఆ మాటలనే అటూ ఇటూ తిప్పి చూశాడు. బోర్డు ఉన్నది బాలానగర్ చౌరస్తాలో. ఆమె ఉన్నది నల్లగండ్లలో. మధ్యలో ఆ బోర్డు చదివి చెప్పింది ఎవరు? జల్ది రమ్మని పిలిచే అమ్మకందారు వెనక ఇంకో కొనేవాడు ఉంటాడు. లేదా బండిలో ఏదో లోపం ఉంటుంది. రెండూ ఉన్న సందర్భాలు కూడా అతను చూశాడు.

అపార్ట్‌మెంటు సెల్లార్లో జనరేటర్ పక్కన వాచ్‌మన్ గది. బాలమ్మ అక్కడే ఉంటోంది. కొడుకు అనిల్ క్యాబ్ నడుపుతాడు, ఆమె మెట్లు, లిఫ్టులు ఊడ్చి తుడుస్తుంది. చీర మీద నీలం కోటు తొడుక్కుని, చేతిలో చీపురుతోనే ఎదురొచ్చింది.

"బక్కగైనవ్ వీరేశం."

"నువ్వు మాత్రం గట్లనే ఉన్నవ్ వదినె."

"అబద్ధాలు అప్పుడే షురూ చేసినవా? బేరం ఇంక మొదలే కాలే" అని నవ్వింది. "బోర్డు మా అనిల్ చూసిండు. గిరాకిని దింపడానికి పోయి నీ పేరు చదివి, ఫొటో తీసుకొచ్చిండు."

సమాధానం సరిపోయింది. అడగకముందే సమాధానం రావడం మాత్రం అతనికి నచ్చలేదు.

ఆమె టార్పాలిన్ లాగింది. పచ్చ బండి. వీరేశం వెంటనే దగ్గరికి పోలేదు. చుట్టూ ఒకసారి తిరిగాడు. సీటు మీద అరచేయి పెట్టి నొక్కి, ముందు ఫోర్కులు దిగి లేవడం చూశాడు. ట్యాంకు మూత తీసి వాసన పట్టాడు. తుప్పు వాసన లేదు, ఎవరో లోపల నూనె తిప్పి ఉంచారు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఇంజన్ పక్క మూత వైపు వంగాడు.

మూత బిగించిన స్క్రూల గాట్లు కొత్తవాటిలా ఉన్నాయి. ఒక్కదాని అంచు కూడా అరగలేదు. గాట్ల అడుగున కంపెనీ వేసిన రంగు చెక్కుచెదరలేదు. ఈ ఇంజన్‌కు ఇంతవరకూ స్క్రూడ్రైవర్ తగల్లేదు. ఊళ్ళోవాళ్ళ ఇంజన్లన్నీ విప్పిన రాజయ్య, తన సొంత బండిని ఒక్కసారీ విప్పలేదు. దేశం మొత్తం వెతికినా ఇలాంటిది దొరకడం కష్టం.

వీరేశం తన ముఖంలో ఏమీ కనిపించకుండా జాగ్రత్తపడ్డాడు.

"మంచిగ చూడు" అంది బాలమ్మ. ఫోన్ టార్చి వేసి ఇంజన్ వెనక వైపు పట్టింది. "గిక్కడ గూడ చూడు."

వెలుతురు కార్బొరేటర్ మీద పడింది. అది రాజ్‌దూత్‌ది కాదు. అరచేతిలో ఇమిడిపోయే మోపెడ్ కార్బొరేటర్. గొట్టానికి నప్పక, మధ్యలో రబ్బరు ముక్క పెట్టి రాగి తీగ చుట్టి కట్టారు. గాలి దారి మూసి తెరిచే చోక్ లివర్ ఉండాల్సిన చోట మసి పట్టిన బిళ్ళ ఏదో బిగించి ఉంది. తీగ మాత్రం కొత్తది, తళతళ మెరుస్తోంది. ఈ పని జరిగి రోజు కూడా కాలేదు.

అంటే అసలుది ఈమధ్యే పోయింది.

"చూసినవా?" అని అడిగింది. ఆమె బండిని చూడటం లేదు, అతని ముఖాన్నే చూస్తోంది.

"చూసిన. ఈ చెత్త ఏంది వదినె? మోపెడ్‌ది తెచ్చి కట్టిండ్రు. అసలుది ఏది?"

"చెత్తనా?"

"మరేంది? ఎవనికమ్మినవ్ అసలుది?"

టార్చి వెలుతురు పక్కకు తప్పుకుంది.

"ఎవనికీ అమ్మలే."

"సరే, నువ్వు అమ్మలే. అదే లేచి నడుసుకుంట పోయింది."

బాలమ్మ టార్చి ఆర్పేసి, టార్పాలిన్ మళ్ళీ కప్పింది. అంచులు బండి కిందికి మడిచి దోపడానికి చాలా సమయం తీసుకుంది. "ఎల్లుండి రా. ఆలోచన చేసి చెప్త" అంది. గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

స్క్రూల సంగతి అతను ఎత్తలేదు. కార్బొరేటర్ లోపాన్ని పట్టుకుని ధర దింపడం సులువు, మంచి గుణం నోటితో చెబితే ధర పెరగడం ఇంకా సులువు. ర్యాంపు ఎక్కుతుంటే నిక్కరు వేసుకున్న ఒకతను ఎదురొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, చేతిలో పాల ప్యాకెట్లు.

"బాలమ్మగారి బండి కోసం వచ్చారా అండి? డీలరా?"

"అవును. మీరు?"

"రవికిరణ్ అండి. పైన నాలుగో ఫ్లోర్. ఊరికే అడిగాను."

పాత బండి గురించి ఊరికే అడిగిన మనిషిని వీరేశం ఇంతవరకూ చూడలేదు. అసలు కార్బొరేటర్ ఏ ఫ్లోర్‌కు పోయిందో తనకు తెలిసిందనుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం చెప్పకుండానే మళ్ళీ వచ్చాడు. గేటు ఎదురుగా చాయ్ బండి దగ్గర, ర్యాంపు నోరు కనిపించేలా నిలబడ్డాడు. పచ్చ బండిని వెలుతురులోకి జరిపారు. బాలమ్మ బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. రవికిరణ్ నేల మీదే బాసిపట్టు వేసుకుని కూర్చుని వింటున్నాడు. ఒకసారి ఆమె కిక్ కొట్టినట్టు కాలు ఊపి చూపించింది, ఇద్దరూ నవ్వారు. అతను వంగి ఇంజన్ పక్క మూతను వేలితో తడిమాడు. చాయ్ చల్లారింది, వీరేశం ఇంకొకటి చెప్పాడు. అది కూడా చల్లారింది.

రవికిరణ్ లేచి సంచీ తీసుకుని గేటు బయటికి వచ్చాడు. వీరేశం రోడ్డు దాటి అడ్డం నిలబడ్డాడు.

"ఏం చూసిండ్రు సార్ అంతసేపు?"

"మీరా! స్క్రూలు చూశానండి. ఒక్కటీ విప్పలేదు. మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో చేసేవారు, ముందు స్క్రూలు చూడమనేవారు. ఎవరికీ తక్కువకి ఇవ్వద్దని ఆవిడకి చెప్పాను. మీరు చెప్పే ఉంటారు కదండీ?"

వీరేశం చూపు సంచీ మీదికి పోయింది. "సంచిల ఏమున్నది?"

"బెండకాయలు."

"చూపిస్తరా?"

రవికిరణ్ కాసేపు అతనివైపు వింతగా చూసి, సంచీ నోరు విప్పాడు. బెండకాయలే. పైన కరివేపాకు కూడా ఉంది. "పక్క బజార్లో లేతవి దొరుకుతాయండి" అని దారి కూడా చెప్పాడు.

తిరుగుదారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వీరేశానికి రాజయ్య ఆట గుర్తొచ్చింది. బండి కొనడానికి కొత్తవాడు ఎవడైనా వస్తున్నాడంటే, రాజయ్య ముందే ఒక తప్పుడు పార్టు బిగించి ఉంచేవాడు. పాత హెడ్‌లైటో, పగిలిన మడ్‌గార్డో. వచ్చినవాడు ఆ ఒక్కదాన్ని పట్టుకుని బండి మొత్తం బేకార్ అంటే, రాజయ్య తల ఊపుతూ విని పంపించేసేవాడు. లోపంతోపాటు మంచి కూడా చెప్పినవాడికే అసలు పార్టు బయటికి తీసేవాడు. సగం దించిన షట్టర్ వెనక కూర్చుని, పోయేవాడి వీపు చూసి "దొరికిండు" అని గుసగుసగా అనేవాడు. ఆ వెనక కూర్చుని నవ్విన వాళ్ళలో వీరేశం కూడా ఉన్నాడు.

కొత్త రాగి తీగ. టార్చి పట్టి చూపించడం. మంచిగ చూడు, చూసినవా అని అడగడం.

వెనక హారన్లు మోగాయి. పచ్చ లైటు పడి ఎంతసేపయిందో. వీరేశానికి కోపం రాలేదు, పైగా మనసు తేలికపడింది. ఆట అయితే అసలుది ఇంట్లోనే ఉంది. ఆటకు జవాబు కూడా తనకు తెలుసు. షెడ్డుకు చేరగానే శనివారం పొద్దుటికి ఒక ట్రాలీ ఆటో మాట్లాడాడు. ఉమాశ్రీకి ఫోన్ చేసి, "మూడూ వస్తయ్ మేడమ్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

"నిజంగానా అండి?" అంది ఆమె. అడిగిన తీరు అతనికి అంతగా నచ్చలేదు.

శనివారం ట్రాలీని ర్యాంపు పైన ఆపి, తాళ్ళు సిద్ధం చేయమని డ్రైవర్‌కు చెప్పి కిందికి దిగాడు. బాలమ్మ లిఫ్టు ముందు తడిగుడ్డ పెడుతోంది. జనరేటర్ పక్కన బండి లేదు. టార్పాలిన్ నాలుగు మడతలు వేసి గోడకు ఆనించి ఉంది. దాన్ని చూసీ చూడనట్టు అతను సిద్ధం చేసుకొచ్చిన మాటలు మొదలుపెట్టాడు.

"వదినె, మొన్న ఒక ముచ్చట చెప్పుడు మరిచిన. ఆ ఇంజన్ విప్పని ఇంజన్. గసొంటిది మళ్ళ దొరకది. నువ్వు ఎంత అడిగినా తక్కువే."

ఆమె కర్ర మీద గడ్డం ఆనించి విన్నది. "ఈ మాట నిన్న రవికిరణ్ సార్ చెప్పిండు."

"నాకు మొన్ననే తెలుసు."

"తెలిసి చెప్పలే."

"ఒప్పుకుంటున్న. అన్న ఆట నాకు యాదికున్నది వదినె. తప్పుడు పార్టు బిగించి గిరాకి నోరు చూసెటోడు గదా? నువ్వు గూడ గదే చేసినవ్. నేను దొరికిన. ఇగ అసలుది తియ్యి, బండి ఎక్కిద్దాం."

బాలమ్మ కర్రను బకెట్లో పెట్టి ఎత్తుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు, గెలిచినట్టు కూడా లేదు. ఏదో అర్థమై, అర్థం కాకపోయినా బాగుండేదనుకుంటున్నట్టు ఉంది.

"ఆట అనుకున్నవా?" అంది. "రా."

స్తంభాల మధ్య నుంచి నడిపించి ఒక పార్కింగ్ చోట ఆపింది. పచ్చ బండి కడిగి, తుడిచి, స్టాండు మీద నిలబెట్టి ఉంది. అసలు కార్బొరేటర్ దాని జాగాలో బిగించి ఉంది.

"రవికిరణ్ సార్‌ది ఈ జాగ. కారు లేదు, మెట్రోల పోతడు. గీడ పెట్టుకో, రోజు ఊడ్చేటప్పుడు చూసుకో అన్నడు. అసోసియేషనోళ్ళకు గూడ ఆయనే చెప్పిండు."

"ఎవరి పేరు మీదికి మార్చిండు కాయితాలు?"

"నా పేరు మీదనే ఉన్నయ్."

"కిరాయి?"

"అడగలే."

"ఊరికే ఎవడిస్తడు వదినె? రేపు పరేషాన్ అయితవ్, చెప్తున్న."

"అయితె అయిత" అంది ఆమె. "మొన్న బండి నీకే ఇద్దామనుకున్న. నీకు ఫోన్ చేసినంక అన్న పార్టుల డబ్బా దించి, అసలుది ఇప్పి, ఆ మోపెడ్‌ది కట్టిన. తీగె నేనే చుట్టిన. నువ్వు దాన్ని చూస్తవు, నవ్వుతవు, అన్న గురించి రెండు మాటలు మాట్లాడుతవు అనుకున్న. గంతే. ఆట గీట నాకు రాదు."

నీలం కోటు జేబులోంచి మోపెడ్ కార్బొరేటర్ తీసి అతని చేతిలో పెట్టింది. మసి తుడిచి ఉంది. చోక్ లివర్ జాగాలో బిగించిన బిళ్ళ ఇప్పుడు వెలుతురులో తెల్లగా కనిపించింది. అంచు చుట్టూ వంకీలు. పాత పది పైసల బిళ్ళ. దానికి కొట్టిన రంధ్రం మధ్యలో లేదు, ఒక పక్కకు జరిగి పది అంకెలో సున్నాను సగం తినేసింది.

వీరేశం బొటనవేలు ఆ రంధ్రం దగ్గర ఆగిపోయింది.

అది అతని పాత మోపెడ్ సువేగాది. బాలానగర్ నుంచి గ్యాస్కెట్ల కట్టలు వెనక వేసుకుని, అమ్ముకుంటూ షాపు షాపుకూ తిరిగిన బండి. చోక్ లివర్ విరిగితే, కంపెనీది ఎప్పుడొస్తుందో చెప్పలేమని, రాజయ్య తన బల్ల దగ్గర అతన్నే కూర్చోబెట్టి కొత్తది చేయించాడు. వంకీల అంచు వేలికి పట్టు దొరుకుతుందని ఆ బిళ్ళను ఎంచుకున్నది వీరేశమే. వైసులో బిగించి డ్రిల్ పెడితే అది జారింది. "సున్నా పోతే పోనీ, ఒకటి ఉన్నది గదా" అని రాజయ్య దాన్ని అలాగే బిగించి, మొదటి కిక్‌కు స్టార్ట్ చేసి చూపించాడు. తర్వాత వీరేశం పెద్ద బండి కొన్నాడు. సువేగాను పార్టులకింద రాజయ్యకే అమ్మేసి వెనక్కి తిరిగి చూడలేదు.

"అన్నీ పోయినయ్ ఆ బండియి" అంది బాలమ్మ. "గిది మాత్రం ఎవ్వనికీ ఇయ్యలే. వీరేశం చేసింది, వస్తె చూపియ్యాలె అని డబ్బాల పెట్టిండు."

"నేను చెత్త అన్న."

"అన్నవ్."

జనరేటర్ గదిలో ఏదో టక్ టక్‌మని చప్పుడు చేస్తోంది. వీరేశం నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ఎంతకిస్తవ్?"

"నీది నీకు అమ్ముడేంది? తీస్కపో."

అతను దాన్ని తిరగేసి అడుగు చూశాడు, పక్కలు చూశాడు, మళ్ళీ తిరగేశాడు. ఊరికే ఇచ్చే వస్తువులో ఎక్కడో ఏదో ఉంటుంది. వెతగ్గా ఒక లోపం కనిపించింది. పక్కకు జరిగిన రంధ్రం. అది తను చేసిందే.

"అన్న ఆఖరుకు మాట్లాడిండా?" అని అడిగాడు. ఫోన్లో విన్నప్పుడు అడగాల్సిన మాట.

"రెండు రోజులు మాట్లాడిండు. నీళ్ళు తాగినవా అని నన్నే అడిగెటోడు" అంది. బకెట్ ఎత్తుకుని లిఫ్టు వైపు నడిచింది. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగింది. "చాయ్ తాగుతవా? మొన్న గూడ పెట్టిన, నువ్వు ఆగలే."

ఆమె గది గడప మీద కూర్చుని చాయ్ తాగాడు. చక్కెర ఎక్కువైంది. అయినా గ్లాసు ఖాళీ చేశాడు.

ర్యాంపు ఎక్కి పైకొచ్చాక ఉమాశ్రీకి ఫోన్ చేశాడు. "రెండే ఉన్నయ్ మేడమ్. మూడోది కుదరలే."

"పర్వాలేదండి" అంది ఆమె వెంటనే. "నిన్న మీరు చెప్పినా నాకెందుకో నమ్మకం కుదరలేదు. బెంగళూరు ఆయన్ని కూడా బయల్దేరమన్నాను. రాత్రే వ్యాన్ ఎక్కించాడు, మూడూ దారిలో ఉన్నాయి."

బెంగళూరులో ఆ మనిషి నిజంగానే ఉన్నాడు.

ట్రాలీ డ్రైవర్ తాళ్ళు విప్పి, గోనె పట్టాలు పరిచి, వెనక తలుపు దించి నిలబడి ఉన్నాడు.

"సేట్, సామాన్ ఏది?"

వీరేశం చేయి చాపి చూపించాడు.

"గింతేనా! దీనికి ట్రాలీ ఎందుకు సేట్? జేబుల ఏసుకుంటె పోయె."

"నడుపు" అన్నాడు వీరేశం, ముందు సీట్లో కూర్చుంటూ.

ఖాళీ ట్రాలీ ప్రతి గుంత దగ్గరా గలగలలాడుతూ పోయింది. వీరేశం అలవాటుగా లెక్క చూసుకున్నాడు. ఎరుపు, నీలం బండ్లు మొదట్నుంచీ తనవే, అవి వచ్చినట్టు కాదు. ఉమాశ్రీ గిరాకి పోయింది. షెడ్డు నెలాఖరు దాకా ఉంటుంది. షెడ్డులో మూడో బండి చోటు ఖాళీగానే ఉంది. బొటనవేలితో బిళ్ళను తోశాడు. కదిలింది, లోపల రేకు మూసుకుంది. వెనక్కి లాగాడు, తెరుచుకుంది.

వచ్చింది సువేగా కార్బొరేటర్ ఒకటి. చోక్ పనిచేస్తుంది.